వరిగడ్డి బేరము – పులియుటకు గల విఘ్నములు

మార్గశిర మాసము వచ్చునప్పటికి గుడివాడ చుట్టుప్రక్కల నల్లరేగడి చేలనుండి దివిసీమ చివర నాగాయలంక వరకు ఎటు చూచినను వరిగడ్డియే కనబడును. ధాన్యమెంత పండునో గడ్డియు సుమారు అంత తూకము పండును. కొడవలి కోతల కాలములో ఈ గడ్డి పనలై, కుప్పలై, నూర్పిడి కాగానే దొడ్డిలో వామియై నిలిచి ఏడాది పొడుగున పశువులకు మేత యయ్యెడిది. ఇప్పుడు కోతయంత్రము చేనిలోనే ధాన్యమును నూర్చి గడ్డిని చెల్లాచెదరుగా విడిచిపోవుచున్నది. పశువులు తగ్గినవి, కూలి పెరిగినది, రెండవ పంటకు తొందర వచ్చినది. అందుచేత పెక్కు చేలలో గడ్డికి నిప్పు పెట్టుచున్నారు.

ఇట్టి సమయమున, గడ్డినుండి ఆల్కహాలును, గ్యాసును, ఇతర రసాయనములను తీయవచ్చునను వార్త రైతునకు చల్లని కబురువలె వినబడుచున్నది. మేము ఏ గ్రామమునకు పోయినను సభ్యులు అడుగు మొదటి ప్రశ్న "టన్నుకు ఎంత యిత్తురు?" అనునదే. మా అభిప్రాయములో ఇది రెండవ ప్రశ్న కావలెను. మొదటి ప్రశ్న "మా గడ్డి సరిగా పులియునా? పులియకుండ అడ్డుపడునవి దీనిలో ఏవి, ఎంత?" అనునది. గడ్డిలోని చక్కెర గడ్డి విలువను పెంచును. ఆ చక్కెరను బయటికి తీయునప్పుడు పుట్టు విషములును, గడ్డితో కూడ వచ్చు మన్ను, ఉప్పులును ఆ విలువను తగ్గించును. మొదటిదానిని గూర్చి చెప్పువారు పెక్కుమంది కలరు. రెండవదానిని గూర్చి చెప్పువారు అరుదు. ఈ రెండవదానిని తెలిసికొని, వ్రాతలో పెట్టించిన పిమ్మటనే మన సంఘములు గడ్డి బేరమునకు దిగవలెనని చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పులియుట మన యింట లేని వింత కాదు. పాలు తోడుకొనుట, ఇడ్లీ పిండి పొంగుట, తాటికల్లు నురగలు కక్కుట, ఇవి అన్నియు కంటికి కనబడని సూక్ష్మజీవుల పనులే. ఆ పనిని ఆపు ఉపాయములు కూడ మన పెద్దలకు తెలియును. పాలు మిక్కిలి వేడిగా నుండగా తోడు వేసినచో తోడుకొనవు. ఆవకాయలో ఉప్పు తగ్గినచో బూజు పట్టును, సరిపోయినచో ఏడాది నిలుచును. లొట్టి లోపల సున్నము పూసి చెట్టుకు కట్టినచో దిగిన రసము పులియక తియ్యగా నుండును. అనగా వేడి, ఉప్పు, సున్నము అనునవి సూక్ష్మజీవులకు నిరోధకములని మనము శాస్త్రము చదువకయే ఎరుగుదుము. కర్మాగారపు తొట్టిలో జరుగునదియు ఇదియే. భేదమేమనగా, అచ్చట నిరోధకములను మనము చేతితో వేయము. అవి గడ్డినుండి తమంతట తామే పుట్టును.

అది ఎట్లు జరుగునో చెప్పెదము. వరిగడ్డిలో మూడవవంతునకు పైగా సెల్యులోసు, అయిదవవంతు మొదలు నాలుగవవంతు వరకు హెమిసెల్యులోసు, వీనిని రెంటిని గట్టిగా పట్టియుంచు లిగ్నిను కొంత, పదవవంతునకు తక్కువ కాని బూడిద యుండును. మొదటి రెండును చక్కెర అణువులు గొలుసులుగా కూడుకొనగా ఏర్పడినవే. ఆ గొలుసులను త్రెంచినచో చక్కెర వచ్చును. ఇది నిన్నటి సంగతి కాదు. బ్రాకొనో అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు 1819లోనే నారబట్ట పేలికలను గంధకామ్లముతో కరగించి చక్కెరను తీసెను. రెండువందల యేండ్లుగా దారి తెలిసియుండియు గడ్డి సారాయి ఊరూరికి రాకుండుటకు కారణము చక్కెర లేకపోవుట కాదు. ఆ చక్కెరతో కూడ వచ్చు చిక్కులే కారణము.

ఒక చిన్న లెక్క చూడుడు. నూరు కిలోల గ్లూకోసు పూర్తిగా పులిసినచో 51 కిలోల ఆల్కహాలు వచ్చును. అంతకు మించి రాదు. ఈ లెక్కన టన్ను ఎండు గడ్డిలోని చక్కెర యంతయు ఆల్కహాలుగా మారినచో సుమారు 400 లీటర్లు రావలెను. హర్యానాలోని పానిపట్టులో ఇండియన్ ఆయిల్ వారు నిర్మించి, 2022 ఆగస్టు 10వ తేదీన ప్రారంభోత్సవము జరిగిన కర్మాగారమునకు ప్రకటించిన లెక్క యేటా 2 లక్షల టన్నుల వరిగడ్డికి 3 కోట్ల లీటర్లు. అనగా టన్నుకు 150 లీటర్లు. కాగితముమీద 400, కట్టుబడి లెక్కలోనే 150. ఈ భేదమంతయు నిరోధకములవలన కలిగినది కాదు. కొంత సెల్యులోసు కరగకయే మిగులును. హెమిసెల్యులోసునుండి వచ్చు జైలోసు అను చక్కెరను మామూలు ఈస్టు తినజాలదు. ఐనను నిరోధకముల పాలు అల్పమైనది కాదు. ఏలయనగా అవి వచ్చిన ఆల్కహాలును తగ్గించుటయే కాక, దానిని రాబట్టుటకు పట్టు కాలమును, ఖర్చును కూడ పెంచును.

సెల్యులోసును లిగ్నిను పట్టునుండి విడిపించుటకు గడ్డిని పలుచని గంధకామ్లములో నానబెట్టి 150 మొదలు 200 డిగ్రీల ఆవిరిలో ఉడికించుట వాడుకలోనున్న పద్ధతులలో ఒకటి. వేడి తక్కువైనచో గడ్డి విడిపోదు. ఎక్కువైనచో విడిపడిన చక్కెరయే మాడిపోవును. జైలోసు మాడి ఫర్ఫ్యూరాలు అను ద్రవమగును. గ్లూకోసు మాడి దాని తోబుట్టువువంటి మరియొక పదార్థమగును. అది ఇంకను విరిగి ఫార్మిక్ ఆమ్లము మొదలగు పులుసులను పుట్టించును. హెమిసెల్యులోసుకు అంటుకొనియున్న భాగములు విడిపడి ఎసిటిక్ ఆమ్లమగును, వెనిగరులో నుండునది ఇదియే. లిగ్నిను విరిగి ఫినాలు జాతి పదార్థములగును. గడ్డిజాతి పైరులలో ఫెరూలిక్, కుమారిక్ అను ఆమ్లములు కూడ దీనితో చేరును. ఈ విధముగా చక్కెరపానకమనుకొని తీసిన రసము కషాయమై కూర్చుండును.

ఈ కషాయములో పడిన ఈస్టు పడు పాటు వినదగినది. ఎసిటిక్ ఆమ్లము దాని పొరను దాటి లోపలికి చొరబడును. లోపల పులుపు పెరిగినచో ఈస్టు బ్రదుకలేదు. కావున అది రాత్రింబవళ్లు ఆ పులుపును బయటికి తోడిపోయవలెను. చిల్లుపడిన పడవలోని సరంగు నీరు తోడుటలోనే బలమంతయు పోగొట్టుకొని తెడ్డు వేయలేకపోయినట్లు, ఈ జీవి తన బలమును దీనికే వెచ్చించి ఆల్కహాలు చేయుట మానును. ఫర్ఫ్యూరాలు చక్కెరను నడిపించు ఎంజైములను అడ్డగించును. లీటరుకు ఒకటి రెండు గ్రాములున్నను పని మొదలగుట గంటలకొలది ఆలస్యమగును. ఈస్టు మొట్టమొదట ఆ ఫర్ఫ్యూరాలును తక్కువ హానిగల వేరొక పదార్థముగా మార్చి, ఆ తరువాతనే చక్కెర జోలికి పోవును. ఫినాలులు జీవియొక్క పొరనే చెరచును. అంతియే కాదు, సెల్యులోసును కొరుకుటకై వెలపెట్టి కొని వేసిన ఎంజైములను కూడ పట్టివేయును. వీనిలో ఒక్కొక్కటి విడిగా నున్నప్పుడు ఓర్చుకొనగల ఈస్టు, అన్నియు కలసి వచ్చినప్పుడు ఓర్చుకొనలేదు. ఎసిటిక్ ఆమ్లమును ఫర్ఫ్యూరాలును కూడినచో హాని రెండింటి మొత్తముకంటె అధికమగును.

ఇవిగాక పులియుటవలన పుట్టిన ఫలమే విషమగుట కూడ కలదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున వైజ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు బ్రిటిషు ప్రభుత్వమునకు పేలుడుసామగ్రికి కావలసిన అసిటోనును ధాన్యమునుండి ఒక బాక్టీరియాచేత చేయించెను. ఆ బాక్టీరియా అసిటోనుతోపాటు బ్యూటనాలును చేయును. తొట్టిలో బ్యూటనాలు నూటికి ఒకటింబాతిక పాళ్లు దాటునప్పటికి అది తాను చేసిన సరుకుచేతనే మూర్ఛిల్లును. కావున "గడ్డినుండి ఏ రసాయనమైనను తీయవచ్చును" అని యెవరైన చెప్పినచో, "ఆ రసాయనమును చేయు జీవి ఎంతవరకు దానిని ఓర్చుకొనును?" అని తిరిగి యడుగుట ఉచితము.

ఇంతవరకు చెప్పినది ఏ దేశపు గడ్డికైనను వర్తించును. ఇక మన డెల్టా విషయము. వరిగడ్డిలో బూడిద గోధుమగడ్డిలో కంటె అధికము. అందు చాలభాగము సిలికా. బూడిదలోని క్షారము కర్మాగారమువారు పోసిన ఆమ్లమును త్రాగివేయును. యంత్రముతో నేలకు ఆనించి పోగుచేసిన గడ్డిలో రేగడిమన్ను కలిసినచో ఈ నష్టము ఇంకను పెరుగును. గుడివాడ, పోల్రాజు కాలువ ప్రాంతములలో పదును ఆరని చేలలోనుండి తీసిన గడ్డికి ఈ దోషము ముఖ్యము. బందరు తీరమునను దివిసీమ చివర భూములలోను మరియొక దోషము కలదు. చౌడు నేలలో పెరిగిన వరి తన కాండములో ఉప్పును చేర్చుకొనును. చౌడును ఓర్చుకొను ఎం.సి.ఎం. రకములను బందరు వ్యవసాయ పరిశోధనా స్థానమువారు తయారుచేయుటయే ఆ నేలల స్వభావమునకు సాక్ష్యము. ధాన్యమునకు హాని లేకపోవచ్చును. కాని గడ్డిలోని ఉప్పు రసములోనికి దిగి, పైన చెప్పిన విషములతో ఇదివరకే అలసియున్న ఈస్టుకు మరియొక బరువగును.

మూడవది తుపాను. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనను దివిసీమ మరువజాలదు. 2023 డిసెంబరులో వచ్చిన మిచౌంగ్ తుపానువలెనే, కోతల వేళ వర్షము పడుట మనకు కొత్త గాదు. తడిసి ముక్కిన గడ్డిలో బూజులు ముందుగానే చేరి సులభముగా దొరకు చక్కెరను తినివేయును. బూజు చేయు పని ఎంతటిదో ఒక సంగతి చెప్పిన తెలియును. రెండవ ప్రపంచ యుద్ధమున సాలమన్ దీవులలో అమెరికా సైన్యపు నూలు గుడారములను తినివేసిన బూజు ట్రైకోడెర్మా రీసై యని పిలువబడుచున్నది. నేడు సెల్యులోసును చక్కెరగా మార్చు ఎంజైములను ఎక్కువగా దాని సంతతినుండియే తీయుచున్నారు. కర్మాగారములో మనము కోరి చేయించు పనినే ముక్కిన వామిలోని బూజులు కోరకయే చేసి, ఫలమును తామే అనుభవించును.

ఈ విఘ్నములకు మందు లేకపోలేదు. మిక్కిలి పాతది సున్నమే. రసములో సున్నము వేసి పి.హెచ్. 10 వరకు పెంచి, కొంచెము వేడిచేసి, అడుగున పేరుకొన్న జిప్సమును వడగట్టి, తిరిగి పులియుటకు తగిన పులుపునకు దించినచో ఫర్ఫ్యూరాలు, ఫినాలులు చాలవరకు తగ్గును. అమెరికా అడవి పరిశోధకులు కట్టెచక్కెర విషయమై 1945 నాటికే దీనిని ప్రకటించియున్నారు. లొట్టిలో పులియుటను ఆపిన సున్నమే తొట్టిలో పులియుటకు దారితీయుట విచిత్రముగా తోచవచ్చును. లొట్టిలో అది సూక్ష్మజీవిమీద పనిచేయును. ఇచ్చట జీవిని వేయుటకు ముందే విషముమీద పనిచేసి తొలగిపోవును. ఐతే సున్నము చక్కెరను కూడ కొంత చెరచును, ఎసిటిక్ ఆమ్లమును తొలగింపదు, జిప్సపు గుట్టలను మిగుల్చును. రెండవ ఉపాయము విషములకు అలవాటుపడిన ఈస్టును పెంచుట. మూడవది ఆమ్లమునకు మారుగా అమ్మోనియాతో గడ్డిని మెత్తబరచుట. దీనిలో ఫర్ఫ్యూరాలు పుట్టుట బహు స్వల్పము. మనవారు పశువులకై 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీటిలో కరగించి చల్లి మూడు వారములు కప్పియుంచు పద్ధతి దీనికి చిన్న తమ్మునివంటిది. ప్రతి ఉపాయమునకును వెల కలదు. ఆ వెలను ఎవరు భరింతురనునదియే మా ప్రశ్న.

గ్యాసు మార్గము వేరు. మన రాష్ట్ర ప్రభుత్వము రిలయన్సు వారితో 500 గ్యాసు కర్మాగారములకై 2024లో ఒప్పందము చేసికొనినది. వానిలో మొదటిదానికి ప్రకాశము జిల్లా కనిగిరి ప్రాంతమున దివాకరపల్లెలో 2025 ఏప్రిలు 2వ తేదీన శంకుస్థాపన జరిగినది. గ్యాసు తొట్టిలో గడ్డిని అంత వేడిలో ఉడికింపనక్కరలేదు గనుక ఫర్ఫ్యూరాలు బెడద తక్కువ. కాని గ్యాసు చేయు జీవులు మిక్కిలి సుకుమారములు. మేత యెక్కువైనచో తొట్టి పులిసి గ్యాసు నిలిచిపోవునని గోబరు గ్యాసు పెట్టుకొన్నవారు ఎరుగుదురు. ఉప్పు అచ్చటను శత్రువే. కావున మార్గమేదైనను గడ్డి శుభ్రత ప్రశ్న తప్పదు.

విషమని తొలగించునదియే సరుకగుట కూడ కలదు. అమెరికాలో క్వేకర్ ఓట్స్ కంపెనీవారు ఓట్ల పొట్టునుండి ఫర్ఫ్యూరాలును తీసి అమ్ముట ఆరంభించి నూరేండ్లు దాటినది. అస్సాములోని నుమాలీగఢ్‌లో 2025 సెప్టెంబరు 14వ తేదీన ప్రారంభమైన వెదురు కర్మాగారము యేటా 5 లక్షల టన్నుల పచ్చి వెదురునుండి సుమారు 49,000 టన్నుల ఆల్కహాలుతోపాటు 19,000 టన్నుల ఫర్ఫ్యూరాలును, 11,000 టన్నుల ఎసిటిక్ ఆమ్లమును తీయునట్లు కట్టబడినది. ఆల్కహాలు తొట్టిలో ఈస్టును చంపు రెండు పదార్థములును అచ్చట అంగడి సరుకులే. కొనువాడు "మీ గడ్డిలో విషములున్నవి" అని ధర తగ్గించి, ఆ విషములనే వేరుచేసి అమ్ముకొనినచో, ఆ లాభములో గడ్డి పండించినవానికి పాలు లేదా?

కర్మాగారము పెట్టినంతమాత్రమున అది నిలుచునని నమ్మరాదు. అమెరికాలోని అయోవా రాష్ట్రములో డూపాంట్ వారు మొక్కజొన్న చొప్పకై 2015లో ఆరంభించిన పెద్ద కర్మాగారమును 2017లో విడిచిపెట్టిరి. రుమేనియా దేశమున పొదారి వద్ద క్లారియంట్ వారు గోధుమగడ్డికై 2021లో ప్రారంభించిన కర్మాగారమును మూసివేయుటకు 2023 డిసెంబరులో నిశ్చయించిరి. వీనికి కారణములు పెక్కు. అన్నిటిని నిరోధకముల నెత్తిన వేయుట న్యాయము కాదు. కాని ధనమును, శాస్త్రజ్ఞులును కొదువలేని కంపెనీలే తడబడిన వ్యాపారములో, రెండెకరముల కౌలురైతు గడ్డికట్టల యంత్రమునకు అప్పుచేసి దిగుటకు ముందు తన సంఘము అతనికి రక్షణ యేర్పరుపవలెను. కంపెనీ మూసికొనినచో దాని వాటాదారులు నష్టపడుదురు. రైతు నష్టపడినచో అతని కౌలు నిలిచిపోవును, సంఘము బాకీయు నిలిచిపోవును.

సంఘములు ఋణములిచ్చుటకే పరిమితము కానక్కరలేదనియు, నిలువ, రవాణా, సరుకుల తయారీవంటి పనులు కూడ చేయవచ్చుననియు కేంద్ర సహకార మంత్రిత్వశాఖ 2023లో పంపిన నమూనా ఉపవిధులలో కలదు. ఆ వెసులుబాటును ఈ విషయమున ఉపయోగింపవలెను. మేము సూచించునవి ఇవి.

మొదటిది, ఒప్పందమునకు ముందు పరీక్ష. గుడివాడ, బందరు, దివిసీమ మూడు ప్రాంతముల గడ్డిని వేరువేరుగా ఇచ్చి, కొనువారి పద్ధతిలోనే ఉడికించి, పులియబెట్టి చూపుమని కోరవలెను. ఈ పరీక్షను సంఘ ప్రతినిధి కన్నులార చూడవచ్చును. రెండు సీసాలలో సమానమైన చక్కెర యుండవలెను. ఒకదానిలో శుద్ధమైన గ్లూకోసు నీరు, రెండవదానిలో గడ్డిరసము. పులుపు సమముగా సరిచేసి, రెంటిలోను ఒకే తూకపు ఈస్టును, ఒకే పోషకమును వేసి, గాలి బయటికి మాత్రమే పోవునట్లు మూసి, కొన్ని గంటలకొకసారి త్రాసులో తూచవలెను. పులియునప్పుడు బొగ్గుపులుసు గాలి పోవుటచేత సీసా బరువు తగ్గును. 44 గ్రాములు తగ్గినచో 46 గ్రాముల ఆల్కహాలు పుట్టినదని లెక్క. శుద్ధమైన చక్కెర సీసాకంటె గడ్డి సీసా ఎంత వెనుకబడునో అంత నిరోధము కలదన్నమాట. ఇంగ్లీషు నివేదికలను చదువలేని సభ్యుడైనను త్రాసు ముల్లును చదువగలడు.

రెండవది, ధర నిర్ణయము. గడ్డిని ఎండు తూకముమీద కొనవలెను. మన్ను, ఉప్పు, ముక్కిన భాగము ఎంత యున్న ఏ తరగతియో ముందుగా వ్రాసియుంచవలెను. ఎత్తుబడి యైన తరువాత కర్మాగారపు ద్వారమువద్ద "ఇది పనికిరాదు" అను మాట వినబడరాదు. ఉప్పును కొలుచు చిన్న పరికరములు కృత్తివెన్ను, నాగాయలంక ప్రాంతముల రొయ్యల చెరువులవద్ద దినదినము వాడబడుచున్నవే. గుప్పెడు గడ్డిని కొలత నీటిలో నానబెట్టి ఆ నీటిని కొలిచినచో హెచ్చుతగ్గులు సంఘపు గుమాస్తాకే తెలియును.

మూడవది, దివిసీమ రైతునకు శిక్ష పడకుండ చూచుట. అతని గడ్డిలో ఉప్పు అతని తప్పిదము కాదు. కాలువ చివర నీరందకపోవుట, సముద్రము దగ్గరగా నుండుట దానికి కారణములు. కడిగినచో ఉప్పు చాల భాగము పోవును. కాని వేసవిలో కాలువలు కట్టినప్పుడు త్రాగునీటికే చెరువులపై ఆధారపడు ఊళ్లలో గడ్డిని కడుగుటకు మంచినీరెక్కడిది? కావున పైతట్టు గడ్డిని ఏరుకొని చివర గడ్డిని విడిచిపెట్టు ఒప్పందమునకు సంఘములు విడివిడిగా ఒప్పుకొనరాదు. మూడు ప్రాంతముల సంఘములు కలసి బేరమాడి, మంచి గడ్డితో ఉప్పు గడ్డిని పరీక్షలో తేలినంతవరకు కలిపి ఇచ్చుటకును, కడుగు ఖర్చును కొనువారు పంచుకొనుటకును పట్టుపట్టవలెను. సహకారమనగా ఇదియే గదా.

నాలుగవది, భూమి బాకీ. టన్ను గడ్డిలో 5 మొదలు 8 కిలోల నత్రజనియు, 12 మొదలు 17 కిలోల పొటాషియమును ఉండును. కాల్చినచో నత్రజని దాదాపు అంతయు గాలిలో కలియును. అమ్మినచో రెండును చేను దాటిపోవును. ఆ పొటాషియము కర్మాగారములో ఎవరికిని పనికిరాదు. పైపెచ్చు ఉప్పులలో చేరి అడ్డమే అగును. కావున కడిగిన నీరు, మిగిలిన పిప్పి, బూడిద పరీక్షించి తగినవైనచో ఎరువుగా తిరిగి చేలకు రావలెనని ఒప్పందములో నుండవలెను. కొనువానికి విఘ్నమైనది మన చేనికి బలము. తెచ్చి యిచ్చినచో ఇరువురికిని మేలు.

అయిదవది, పశువుల వంతు. సభ్యుల పాడిపశువులకు ఏడాదికి కావలసిన మంచి గడ్డిని తీసియుంచిన మీదట మిగిలినదే అమ్మకమునకు పోవలెను. శుభ్రమైన గడ్డికి అధిక ధర పెట్టినచో మేలైనదంతయు కర్మాగారమునకును, ముక్కినది గేదెలకును పోవు ప్రమాదము కలదు. బూజుపట్టిన గడ్డి ఈస్టుకు ఎంత చెడుపో పశువునకును అంత చెడుపు.

"ఇవన్నియు కర్మాగారమువారి తలనొప్పులు, మనకేల?" అని కొందరు అనవచ్చును. సున్నమునకు, ఆమ్లమునకు, నీటికి, చెడిపోయిన తొట్టికి అగు ఖర్చు తుదకు ఎవరి ధరనుండి తీసివేయబడునో ఆలోచించినచో ఈ మాటకు జవాబు దొరకును. "ఇన్ని షరతులు పెట్టినచో కొనువాడు రాడు" అని మరికొందరందురు. నిజముగా కర్మాగారమును నిలుపదలచినవానికి శుభ్రమైన, తరగతులుగా విడదీసిన, నమ్మకమైన గడ్డికంటె కావలసినదేమి? ఈ షరతులకు జంకువాడు ఎట్టివాడో ముందుగానే తెలియుట మనకు లాభమే. "కాల్చివేయుటకంటె ఏ ధరయైనను మేలు గదా" అను మాటలో మాత్రము సగము నిజము కలదు. కాల్చుట నష్టమే. కాని కాల్చుటకు మారు అమ్ముట ఒక్కటియే కాదు. యూరియా పట్టించి మేతగా చేయుట, చేనిలో కలియదున్నుట, పుట్టగొడుగులు పెంచుట మొదలగు దారులు మన చేతిలోనే యున్నవి. ఈ దారులున్నంతకాలము మనము తొందరపడి ఒప్పుకొననక్కరలేదు.

గేదె నీళ్లలోనుండగా బేరమాడినట్లని మనవారు సామెత చెప్పుదురు. కొనువాడు గడ్డిలోని చక్కెరను లెక్కించి వచ్చుచున్నాడు. అమ్మువాడు ఆ చక్కెరకు అడ్డుపడు వానిని లెక్కింపక నిలిచియున్నాడు. ఈ కోతలకు ముందే ప్రతి సంఘమును తన పాలకవర్గములో ఈ విషయమును చర్చించి, మూడు ప్రాంతముల గడ్డి నమూనాలను ఎండబెట్టి, గుర్తులు కట్టి దాచియుంచవలెనని మా మనవి. పరీక్ష జరిగిన నాడు ధరను గూర్చి మాటలాడుటకు మన నోటికి బలము వచ్చును.